నేల తినని గుడ్డ

కనేరి, భివండి
9 జూన్ 2024

శారోనూ,

నిన్న ఫోనులో నీ మాట సగమే వినబడింది. నీ వైపు గాలి, నా వైపు మగ్గాలు. "గుడ్డ పంపు అక్కా, నేలలో పాతిపెట్టాలె" అన్నావు, లైను తెగింది. ఎందుకు పాతాలో, ఎంత గుడ్డ కావాలో, ఎప్పటికి కావాలో ఒక్కటీ తెలియలేదు. మళ్లీ ఫోను చేయకు. సిగ్నలు కోసం నువ్వు బస్టాండు దాకా ఎక్కివచ్చి నలుగురి మధ్య అరవడం, ఇక్కడ నేను ఒక చెవి మూసుకుని వినడం ఎందుకు? ఉత్తరం రాయి. అక్షరాలకు చప్పుడు అడ్డం రాదు.

ఇక్కడ అంతా నువ్వు చూసిపోయినట్టే ఉంది. వంటింటి కిటికీ తెరిస్తే మన మగ్గాల షెడ్డు గోడ. పొద్దున షిఫ్టులో మగ్గాలు నడిపే కారిగార్లు నలుగురూ తిని లేచేసరికి రాత్రి షిఫ్టు వాళ్లకు పిండి తడపాలి. కొడుకు రితేష్ పూర్ణలో గోదాము పనికి పోయి చీకటి పడ్డాక వస్తాడు. మీ బావ షెడ్డులోనే ఉంటాడు. నేను చర్చికి పోయిన రెండు గంటలు తప్ప ఈ గల్లీ దాటి వారాలవుతుంది.

ఒక్క మంచి మాట ఉంది. కిటికీకి దోమజాలీ కొట్టించాను. మునుపు పప్పు గిన్నె మూత తీయగానే మీద దూది వాలేది గుర్తుందా? ఇప్పుడు పడడం లేదు. ఇన్నేళ్లు ఈ జాలీ ఎందుకు కొట్టించలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక చెడ్డ మాట కూడా ఉంది. షెడ్డు నుంచి తెచ్చే తుడుపు గుడ్డలు నీళ్లు పీల్చడం లేదని, పని చేసే సుశీలాబాయి రోజూ సణుగుతోంది. "తాయీ, తుమ్‌చా పోఛా పాణీచ్ పీత్ నాహీ" అంటుంది. ఫినాయిలు మార్చి చూశాను. లాభం లేదు.

నువ్వు ప్రతిసారీ రమ్మంటావు. మగ్గాలు ఆగినప్పుడు వస్తానని నేనంటాను. ఆగవని ఇద్దరికీ తెలుసు.

నీ అక్క
హెప్సిబా


కోతగిరి దగ్గర, నీలగిరి
20 జూన్ 2024

అక్కా,

నీ ఉత్తరం వానలో తడిసి వచ్చింది. పొయ్యి మీద ఆరబెట్టి చదివాను. నువ్వడిగినవన్నీ వరుసగా రాస్తాను, లేకుంటే నువ్వు ఊరుకోవు.

మా ఇంటి వెనక ఎకరం నీకు తెలుసు. మీ మరిది మోజెస్ వాళ్ల తాత పెట్టిన తేయాకు తోట. చెట్లు ముసలివై ఆకు రాకపోతే పీకించి, అదే ఏడు, అవే గుంతల్లో కొత్త మొక్కలు పెట్టారు. మూడేళ్లకు సగం ఎండిపోయాయి. మళ్లీ నాటితే మళ్లీ ఎండాయి. పీకి చూస్తే వేరు నల్లగా ఉంది, పీచు వేరు లేదు. ఎరువులు తక్కువ చేయలేదు అక్కా. ఎంత వేస్తే అంత దిగజారింది.

పోయినేడు మట్టి పరీక్షలు చేసే మేడమ్ ఒకామె వచ్చి చూసింది. తేయాకు ఒకేచోట తరాల తరబడి ఉంటే దాని వేరు వదిలే రసం, రాలిన ఆకు, ఏటా పోసే యూరియా కలిసి నేలను పులిసిపోయేలా చేస్తాయట. ఆ పులుపుకు ఓర్చుకునే బూజులు కొన్నే మిగులుతాయట. ఆకును కుళ్లబెట్టి వేరుకు అందించే సూక్ష్మజీవులు చాలావరకు పోతాయట. "ఈ నేలకు జబ్బేమీ లేదు, ఒకే కూడు తిని తిని విసిగింది" అన్నది. రెండేళ్లు తేయాకు మాట మరిచి గ్వాటెమాలా గడ్డి వేయమన్నది, సందుల్లో జనుము చల్లమన్నది, కోసినదంతా అక్కడే పరచమన్నది. నాకు వెంటనే మన నాయిన గుర్తొచ్చాడు. పసుపు తవ్విన మడిలో ఆయన మళ్లీ వెంటనే పసుపు వేసేవాడు కాదు కదా. మక్క వేసేవాడు. ఇక్కడ తేయాకు వాళ్లకు ఆ ఊహే లేదు. చెట్టు వందేళ్లు అక్కడే ఉండాలంటారు.

గడ్డి వేసి ఏడాదైంది. మనిషి మునిగేంత పెరిగింది. కానీ పట్టా మోజెస్ వాళ్ల అన్న ఎలీషా పేరు మీద ఉంది. ఆయనకు ఆ గడ్డి చూస్తే ఒళ్లు మంట. "ఆవు లేని ఇంట్ల ఎకరం గడ్డి! ఇగ పొద్దున లేచి ఎవర్ని పిండుతవ్ అమ్మా?" అని నలుగురిలో అంటాడు. ఆయన తమిళం నీకోసం మన భాషలో రాస్తున్నాను. నర్సరీలో మొక్కలకు చెప్పి పెట్టాడు. ఈ అక్టోబరులో గడ్డి పీకి నాటేస్తానంటాడు. ఇప్పుడు నాటితే అవీ ఎండుతాయి. మూడోసారి ఎండితే ఎకరం రిసార్టు వాళ్లకు ఇచ్చేస్తానని చెప్పనే చెప్పాడు.

మేడమ్ ఒక ఉపాయం చెప్పింది. నూలు గుడ్డ ముక్కలు గడ్డి కింద కొన్ని, పక్కనే ఉన్న పాత తేయాకు కింద కొన్ని పాతి, రెండు నెలలకు తీసి చూడమన్నది. నూలంటే సూక్ష్మజీవులకు తిండే. నేల బతికి ఉంటే గుడ్డ చివికిపోతుంది, లేకుంటే అట్లాగే ఉంటుంది. ఎలీషా ఒప్పుకున్నాడు. గడ్డి కింద గుడ్డ ఎక్కువ చివికితే ఇంకో ఏడాది గడ్డి ఉంటుంది. లేకుంటే మొక్కలు దిగుతాయి. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, గుడ్డ బావ షెడ్డుది కావాలి. బజారులో నూలని అమ్మేదాన్ని నమ్మడు. మా పెళ్లిలో బావ పెట్టిన ఎర్రంచు పంచె ఇప్పటికీ పండుగలకు కడతాడు. "మగ్గం మనిషి గుడ్డ మీద అబద్ధమాడడు" అన్నాడు.

అందుకే అడిగాను.

శారోను


కనేరి, భివండి
1 జూలై 2024

శారోనూ,

పొట్లంలో పన్నెండు ముక్కలున్నాయి. అన్నీ ఒకే తాను నుంచి తీసినవి, అన్నీ జానెడు పొడవు, జానెడు వెడల్పు. మూలన ఒక ముడి ఉన్నవి గడ్డి కింద పెట్టు. రెండు ముళ్లు ఉన్నవి తేయాకు కింద. గుర్తు లేకుండా పాతితే రేపు తీసినప్పుడు ఎలీషా అన్న ఏదంటే అదే అవుతుంది.

మగ్గం మీదికి ఎక్కే ముందు దారానికి గంజి పెడతారు. ఆ గంజితోనే పాతితే నీ సూక్ష్మజీవులు గంజి తిన్నాయో గుడ్డ తిన్నాయో తెలియదు. అందుకని రెండుసార్లు ఉడకబెట్టి, పిండి, డాబా మీద ఆరేశాను. ముక్కలన్నీ ఒకే లోతులో పెట్టు. పెట్టినచోట కర్ర గుచ్చు.

మీ బావను అడిగితే షెడ్డులోంచి తెచ్చి ఇచ్చాడు. "నూలే గదా?" అన్నాను. "మన షెడ్డుల ఇంకేముంటది?" అని లుంగీ సర్దుకుంటూ పోయాడు. ఎలీషా అన్న పంచె సంగతి చెప్పాను. నవ్వలేదు. ఈ మధ్య ఆయన దేనికీ నవ్వడం లేదులే.

రితేష్ ఒకటే ఎగతాళి. "మమ్మీ, కపడా గాడ్నే కే లియే కొరియర్? ఇక్కడ గటర్ల పాతితే ఫ్రీ గదా!" వాడే పూర్ణ నుంచి పంపుతున్నాడు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకే కూడు తిని విసిగిన నేల అనే మాట దగ్గర ప్రతిసారీ ఆగాను. పొద్దున పప్పు, మాపటికి పప్పు, అదే పొయ్యి, అదే కిటికీ. నాకెవరూ గడ్డి వేయరు కదా అనుకుని నవ్వుకున్నాను. నవ్వు తర్వాత కాసేపు ఏ పనీ తోచలేదు.

అక్క


కోతగిరి దగ్గర
15 సెప్టెంబరు 2024

అక్కా,

అయిపోయింది.

నిన్న తవ్వాము. ఎలీషా, మోజెస్, పక్క తోటల వాళ్లు ఇద్దరు వచ్చారు. ముందు పాత తేయాకు కింద తీశాము. మట్టి పట్టి నల్లబడింది తప్ప గుడ్డ గుడ్డలాగే ఉంది. నాకు లోపల సంతోషం. అనుకున్నట్టే ఉంది కదా. తర్వాత గడ్డి కింద తీశాము. అదీ గుడ్డలాగే ఉంది. ఒక్క చిల్లు లేదు. ఆరు చోట్ల ఆరూ అంతే.

ఎలీషా బకెట్లో ముంచి పిండి, రెండు చేతులా పట్టి లాగాడు. చినగలేదు. "మీ బావ సుందర్‌రాజు మగ్గం గట్టిదే" అన్నాడు. అందరూ నవ్వారు. "ఎకరం హోటలు పెట్టినవమ్మా శారోనూ, తినెటోళ్లు ఒక్కలు రాలే" అన్నాడు. దానికి ఇంకా నవ్వారు. మోజెస్ నా వైపు చూడకుండా, "అన్న చెప్పిందే నిజమైంది కదా" అని ఆకు లారీ తాళం తీసుకుని ఫ్యాక్టరీకి పోయాడు.

మట్టి నాకు వేరేగా కనిపిస్తోంది. గడ్డి కింద పార దిగితే మెత్తగా దిగుతుంది. వాన పడ్డాక మంచి వాసన వస్తుంది. వానపాములు వచ్చాయి. కానీ షరతు గుడ్డ మీద. గుడ్డ నాకు ఎదురు సాక్ష్యం చెప్పింది. మేడమ్‌కు ఫోను చేస్తే వేరే జిల్లాకు బదిలీ అయిందన్నారు.

మొక్కలు అక్టోబరు ఇరవైకి వస్తాయి. గడ్డి పీకే కూలీలకు చెప్పేశాడు. ఈ ఇంట్లో నా మాట ఇక ఎందులోనూ చెల్లదు. ఎకరం పోతే ఆకు లేదు, ఆకు లేకపోతే ఈ కొండ మీద మాకు పనే లేదు. ఎటూ కదలలేకుండా ఉన్నాను.

నువ్వు ముడులు అంత శ్రద్ధగా వేశావు. అందుకే ఒక ముడిది ఒకటి, రెండు ముళ్లది ఒకటి నీకు పంపుతున్నాను. నాకు వాటిని చూడబుద్ధి కావడం లేదు.

శారోను


కనేరి, భివండి
24 సెప్టెంబరు 2024

శారోనూ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చుని, నెమ్మదిగా చదువు.

నువ్వు పంపిన రెండు ముక్కలూ ఉతికి ఆరేశాను. మడతపెట్టబోతే చేతికి తేడా తగిలింది. రెండు ముళ్లది, అంటే తేయాకు కిందది, నేను పంపినంత మందంగా ఉంది. ఒక ముడిది పల్చగా ఉంది. వెలుగుకు పట్టి చూస్తే నా కిటికీ జాలీలాగా అవతల షెడ్డు గోడ కనిపించింది. రెండూ తీసుకుపోయి నూలు తూచే చిన్న తక్కెడలో వేశాను. గడ్డి కిందది సగానికి సగం తేలిక. మీ వాళ్లు చిల్లుల కోసం చూశారు, లాగి చూశారు. పల్చబడిందా అని చూడలేదు.

సగం పోయి సగం ఎందుకు మిగిలింది? అప్పుడు చేయాల్సిన పని చేశాను. అది జూలైలోనే చేయాల్సింది. ఒక పోగు లాగి అగ్గిపుల్ల ముట్టించాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. ఇది కరిగి, ముడుచుకుని, నల్ల పూసలాగా గట్టిపడింది. పాలిస్టర్. సగం నూలు, సగం పాలిస్టర్ కలిపి వడికిన దారం. నీ గడ్డి నేల అందులో తినగలిగిందంతా తిన్నది. తినలేనిది వదిలేసింది. తేయాకు నేల ఆ నూలును కూడా ముట్టలేదు.

భివండిలో చున్నీ కొనబోయే పిల్ల కూడా పోగు లాగి కాల్చి చూస్తుంది. బయటి గుడ్డైతే నేనూ చూసేదాన్ని. మన ఇంటి గుడ్డ కదా అని చూడలేదు. ఉడకబెట్టాను, కొలిచాను, ముడులు వేశాను, ఆ ఒక్కటీ చేయలేదు. పప్పు మీద దూది పడడం లేదని జాలీని మెచ్చుకున్నాను చూడు. పాలిస్టర్ కలిస్తే అంత దూది ఎక్కడ లేస్తుంది? సుశీలాబాయి గుడ్డ నీళ్లు తాగడం లేదని మొత్తుకుంటే ఫినాయిలు మార్చాను. తానులన్నీ నా గుమ్మం ముందు నుంచే టెంపో ఎక్కుతాయి. ఒక్కసారి వేలు పెట్టి చూడలేదు.

మీ బావ తిని చేయి కడుక్కుంటుంటే అడిగాను.

"ఎప్పటిసంది?"

"ఏంది ఎప్పటిసంది?"

"నూలు బందయ్యి."

చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "క్రిస్మస్‌సంది. సేఠ్ నూలు పంపుడు ఆపిండు. ఈ దారమే పంపుతడు, నేసి ఇస్తే మీటరు లెక్కన ఇస్తడు. వద్దంటే మగ్గాలు తుక్కుకు అమ్ముకోవాలె."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏంజేస్తవ్? పప్పుల ఇంకో చెంబు నీళ్లు పోస్తవ్."

"శారోను చేను పోతది. ఒక్క ముక్క రాయి ఎలీషా అన్నకు."

"రాస్తే నా ఇజ్జత్ పోతది. ఆ పంచె కట్టుకొని చర్చిల నా పేరు చెప్పుకుంటడట ఆయన. నా నోటితోటి నేనే చెప్పుకోవాల్నా, మా నాయిన షెడ్డుల ఇప్పుడు నూలు లేదని?"

మగ్గాలు నడుస్తుంటే మాట్లాడకుండా ఉండడం తేలిక.

నువ్వు ఈ ఉత్తరమే ఎలీషా అన్నకు చదివి వినిపించు. పోగు కాల్చి చూపించు.

హెప్సిబా


కోతగిరి దగ్గర
3 అక్టోబరు 2024

అక్కా,

చదివి వినిపించాను. పోగు కాల్చాను కూడా. ఆయన చూడనైనా చూడలేదు. "ఓడిపోయినంక గుడ్డ మంచిది కాదంటే ఎట్లమ్మా? అక్కచెల్లెండ్లు కాయితాల మీద ఏమన్న రాసుకుంటరు. సుందర్‌రాజు చెప్పనీ" అన్నాడు. పూసలాగా అయిన పోగును నేనే ఊడ్చి పారేశాను.

కూలీలు పద్దెనిమిదిన వస్తారు.

ఒక మాట అడగాలి. ఉడకబెట్టడానికి తీరిక దొరికింది, ముడులు వేయడానికి దొరికింది. ఒక్క పోగు కాల్చడానికి ఎంతసేపు పడుతుంది అక్కా? బావ పరువు బావ కాపాడుకుంటాడు, నీ సంసారం నువ్వు కాపాడుకుంటావు. నా ఎకరం ఎవరిది?

కోపంతో రాశాను. చింపి మళ్లీ రాసే ఓపిక లేదు. ఇట్లాగే పంపుతున్నాను.

శారోను


కనేరి, భివండి
13 అక్టోబరు 2024

ఎలీషా అన్నకు,

సుందర్‌రాజు రాసేది. శారోను దీన్ని మీకు తమిళంల చదవాలె.

నేను రాసుడు తక్కువ. సూటిగ చెప్త. నేను ఇచ్చిన గుడ్డ నూలు కాదు. సగం పాలిస్టర్. తెలిసే ఇచ్చిన. నూలేనా అని మా ఇంటామె అడిగితె ఔనన్న. గుడ్డ పాతిపెట్టేదే గదా, ఎవరు చూస్తరు అనుకున్న. మట్టి చూస్తదని అనుకోలే.

మా షెడ్డుల నూలు లేక పది నెలలాయె. మగ్గాలు నావే, దారం సేఠ్‌ది, గుడ్డ సేఠ్‌ది. నేను నడిపేటోణ్ణి. మీకు పెట్టిన పంచె ఆనాటిది, నిజమైన నూలు. అది నేసిన చెయ్యి నాదే, ఇది నేసిన చెయ్యి గూడ నాదే.

శారోను గడ్డి తప్పు లేదు. తప్పు నా గుడ్డది. మీకు సబబు అనిపిస్తే ఆగుండ్రి.

సుందర్‌రాజు


శారోనూ,

పైది ఆయన రాసిందే, ఒక్క అక్షరం నేను దిద్దలేదు.

ఏటా క్రిస్మస్‌కు ప్రభు బల్ల మీద పరిచే తెల్ల గుడ్డ మన షెడ్డు నుంచే పోతుంది కదా. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు అందరి ముందు, "సుందర్‌రాజన్నా, ఈసారి గూడ మీ నూలే గదా?" అన్నాడు. ఏటా అడిగే మాటే. ఏటా ఈయన చేయి ఎత్తి నవ్వేవాడు. ఈసారి చేయి సగం లేచి ఆగింది. "చూస్త పాస్టర్ సాబ్" అన్నాడు. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా, "కాయితం ఉందా?" అన్నాడు. నాలుగు కాగితాలు చింపి ఐదోది రాశాడు. నేను పక్క గదిలో కూర్చున్నాను. చూడలేదు.

మామూలు తపాలాలో వేస్తే కూలీలు ముందు వస్తారు. రితేష్ ఫాస్ట్ కొరియర్‌లో వేస్తున్నాడు.

నీ ప్రశ్న మళ్లీ మళ్లీ చదివాను. అడిగినందుకు కోపం మాత్రం లేదు.

అక్క


కోతగిరి దగ్గర
19 అక్టోబరు 2024

అక్కా,

కొరియర్ పదిహేడు సాయంత్రం అందింది. అప్పటికే గడ్డపారలు మా గోడకు ఆనించి ఉన్నాయి.

చదివి వినిపించాను. "అది నేసిన చెయ్యి నాదే, ఇది నేసిన చెయ్యి గూడ నాదే" అన్నచోట ఎలీషా మళ్లీ చదవమన్నాడు. చదివాను. లేచి లోపలికి పోయాడు. కోపం వచ్చిందనుకున్నాము. పంచె పట్టుకుని వచ్చాడు. కొంగు నుంచి ఒక పోగు లాగి దీపం మీద పెట్టాడు. బూడిద రాలింది. వేలితో నలిపి వాసన చూశాడు. తర్వాత, నేను వద్దు వద్దంటుండగానే, కత్తెర తీసుకుని పంచెను నిలువునా కోశాడు. మోజెస్ వాళ్లమ్మ కేక వేసింది. "కొత్తది సుందర్‌రాజు ఇస్తడు లే" అన్నాడు. "ఇయ్యలేడని రాసిండు గదా" అన్నాను. "అందుకే కోసిన" అన్నాడు.

నాలుగు ముక్కలు గడ్డి కింద, నాలుగు తేయాకు కింద. ఆయన చేత్తోనే పాతాడు. మూలన ముడులు కూడా వేశాడు. ఫిబ్రవరి దాకా ఆగుతానన్నాడు. నర్సరీ మొక్కలు పక్క ఊరి వాళ్లకు పోయాయి.

మోజెస్ ఏమన్నాడో తెలుసా? "ముందే చెప్పిన గదా, ఆగుదామని." ఎప్పుడు చెప్పాడో ఆయనకే తెలియాలి.

కూలీలు వచ్చారు కనుక, ఊరికే పంపకుండా గడ్డి పైపైన కోయించి పరిపించాను.

నా పోయిన ఉత్తరం నువ్వు చింపేస్తే బాగుండు.

శారోను


కోతగిరి దగ్గర
8 ఫిబ్రవరి 2025

అక్కా,

నిన్న తీశాము. ఈసారి ఎలీషా ఎవరినీ పిలవలేదు.

తేయాకు కింది ముక్కలు నాలుగూ దొరికాయి. అక్కడక్కడ మచ్చలు, రెండు మూడు చిల్లులు. ఉతికితే ఇల్లు తుడవడానికి పనికొస్తాయి.

గడ్డి కింద కర్ర గుచ్చిన చోట తవ్వితే ఏమీ లేదు. ఎలీషా చోటు తప్పామన్నాడు. ఇంకో పక్క తవ్వాడు. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి కదిపాడు. అప్పుడు దొరికింది, ఎర్రంచు. పంచె అంచు ఒక్కటే, జానెడు దారాల పట్టీ, నిన్న మగ్గం దిగినట్టు ఎర్రగా ఉంది. దాన్ని పట్టుకుని ఉన్న తెల్ల గుడ్డ అంతా మట్టైపోయింది. నాలుగు గుంతల్లోనూ అంతే. వేసిన ముడి కూడా లేదు.

ఎలీషా ఆ మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. తర్వాత, "హోటలుకు గిరాకీ వచ్చింది" అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. ఆయన ఎగతాళికి అనలేదు.

రెండో ఏడు గడ్డి ఉంటుంది. వచ్చే వానలు పోయాకే తేయాకు. వరుసల మధ్య జనుము వేయడం మానొద్దని ఇప్పుడు ఆయనే మోజెస్‌కు చెబుతున్నాడు. పక్క తోట వాళ్లు వచ్చి మట్టి వాసన చూసిపోయారు.

ఒక అంచు ముక్క ఇందులో పెట్టాను. బావకు చూపించు. అదెందుకు మిగిలిందని ఎలీషా అడగమన్నాడు.

ఏప్రిల్‌లో గడ్డి మళ్లీ కోస్తాము. కోయకముందు దాంట్లో నిలబడితే ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. నువ్వు చూస్తే బాగుండునని ఉంది. మగ్గాలు ఆగవని తెలుసు. అయినా రాస్తున్నాను.

శారోను


కనేరి, భివండి
20 ఫిబ్రవరి 2025

శారోనూ,

నీ కవరు మీ బావ ముందే విప్పాను. అంచు ముక్కను రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. వెలుగుకు పట్టాడు. ముఖం ఒక రకంగా పెట్టి, "ఎలీషా అన్నకు ఏమని రాస్తవ్?" అన్నాడు.

"ఉన్నదే రాస్త. చెప్పు."

"ఉతికితె ఎర్ర రంగు తెల్ల మీదికి దిగుతది. దిగొద్దని అంచుకు అప్పుడే పాలిస్టర్ వేసిన. పెండ్లి పంచె గదా." అని ఆగి, "అంచుకే" అన్నాడు. అని నవ్వాడు. ఎన్ని రోజులకో నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నామో రితేష్‌కు అర్థం కాలేదు. ఇది ఎలీషా అన్నకు చదివి వినిపించు.

ఇక్కడ మారిందేమీ లేదు. దారం సేఠ్‌దే. టెంపో గుమ్మం ముందు నుంచే పోతుంది. ఇప్పుడు నేను ప్రతి తానునూ వేలితో ముట్టి చూస్తాను. చూసి ఏమీ చేయలేను. ప్రభు బల్ల గుడ్డ మాత్రం మీ బావ ఈసారి బజారులో కొన్నాడు. దుకాణం ముందే నిలబడి పోగు కాల్చి చూసి మరీ కొన్నాడు. సుశీలాబాయికి నా పాత చీర చింపి ఇచ్చాను. ఆమె సణుగుడు ఆగింది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పక్క గల్లీ జమునతో మాట్లాడాను. కారిగార్లకు పదిహేను రోజులు ఆమె వండుతుంది. బియ్యం, పప్పు, నూనె పూటకెంతో కొలిచి చూపించాను. తర్వాత మీ బావకు చెప్పాను. అడగలేదు, చెప్పాను.

"పదిహేను రోజులా? ఉప్పు తక్కువైతే కారిగార్లు నన్ను తింటరు."

"తిననియ్యి. నువ్వు నూలో పాలిస్టరో అప్పుడు తెలుస్తది."

అన్నం కలుపుకున్నాడు. రాత్రి రితేష్‌ను పిలిచి టికెట్టు చూడమన్నాడు. రాను, పోను రెండూ కలిపి తీయిస్తేనే డబ్బులిస్తానన్నాడు. సరేనన్నాను. తిరిగి వచ్చేదాన్నే కదా. ఏప్రిల్ రెండున కల్యాణ్‌లో రైలెక్కుతాను. మూడున కోయంబత్తూరులో దిగుతాను. అక్కడి నుంచి బస్సు ఎక్కించేందుకు మోజెస్‌ను పంపు. లారీ తాళం ఇంట్లో పెట్టి రమ్మను.

నా దగ్గర స్వెట్టరు లేదు. ఇక్కడ దానితో పని పడలేదు. నీది పాతది ఒకటి తీసిపెట్టు. నేను వచ్చేదాకా గడ్డి కోయనివ్వకు. ఇంటికి చేరగానే టీ పెట్టకు. ముందు ఆ గుంత దగ్గరికి తీసుకుపో, చేయి పెట్టి చూస్తాను. టీ తర్వాత తాగుదాం.

అక్క
హెప్సిబా